కొత్తవాడ జోంగాకు టర్బో

వరంగల్ ఆటోనగర్‌లోకి ఆ జోంగా వచ్చిన తీరు చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ముందు ఒక ట్రాక్టరు, ట్రాక్టరుకు మోకు, మోకు చివర ముసలి మిలిటరీ బండి. స్టీరింగ్ పట్టుకుని ఒక అమ్మాయి. ఆమె పక్కన, పెళ్లికి పోతున్నంత దర్జాగా ఒక ముసలమ్మ, ముసలమ్మ ఒడిలో టిఫిన్ డబ్బా. బండి నడవకపోతేనేం, ఊరేగింపుకు తక్కువేం కాలేదు. వీధికుక్కలు కూడా మొరగడం మానేసి పక్కకు జరిగి దారిచ్చాయి.

ట్రాక్టరు గుండయ్య షెడ్డు ముందు ఆగింది. ఆ సమయానికి గుండయ్య మనవడు మొగిలి ఒక పాత జీపు కార్బురేటర్ మీద వంగి, కళ్లు మూసుకుని, స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతున్నాడు. మొగిలి చెవి అలాంటిది. అతను స్క్రూ తిప్పి ఒక ఇంజన్‌ను కుదుటపరిస్తే, పక్క షెడ్లలోని ఇంజన్లు కూడా సిగ్గుపడి సర్దుకునేవని వాళ్ల తాత చెప్పేవాడు. తాత మాటల్లో సగం తీసేసినా మిగిలేది కూడా కొంచెం ఎక్కువే. కానీ అటు స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఇటు వర్ధన్నపేట దాకా పాత పెట్రోలు బండి ఉన్నవాళ్లంతా మొగిలిని వెతుక్కుంటూ వచ్చేవాళ్లన్నది మాత్రం నిఖార్సయిన నిజం.

"అన్నా, జర ఈ మోకు ఇప్పుతరా?"

మొగిలి కళ్లు తెరిచాడు. గ్రీజు మరకల జీన్స్, పైకి ముడేసిన జుట్టు, ఆ ముడిలో పూలు ఉండాల్సిన చోట ఒక కరెంటు టెస్టర్. ఇంత చక్కని ముఖం తనను అన్నా అని పిలవడం ఆ పొద్దున అతనికి జరిగిన మొదటి అన్యాయం.

మోకు ఇప్పాడు, బానెట్ ఎత్తాడు. ఆరు సిలిండర్లు ఒకదాని వెనుక ఒకటి, బడిపిల్లల్లా వరుసగా నిలబడ్డ పొడుగాటి ఇంజన్. పైన ఒకే ఒక్క కార్బురేటర్, దాని మీద పిచ్చుక గూడు.

"డీజిల్ ఇంజన్ పెట్టుకోరి మేడం. జోంగాలున్నోళ్లందరు గదే చేస్తాన్రు. ఇది పెట్రోలు తాగదు, తానం చేస్తది."

"అన్నా, మీ తాతకు మోకాళ్లు నొస్తే మందు రాస్తరా, తాతనే మారుస్తరా?"

నులక మంచం మీద చాయ్ ఊదుకుంటున్న గుండయ్య తల తిప్పకుండానే జవాబు చెప్పాడు. "మారుస్తడు బిడ్డా. ఎప్పటిసందో ఎతుకుతాండు, నాసొంటోడు ఇంకోడు దొరుకుతలేడు."

ముసలమ్మ నవ్వింది. అమ్మాయి నవ్వింది. నవ్వనిది మొగిలి ఒక్కడే.

ఆ అమ్మాయి పేరు తిరుమల. కొత్తవాడలో జంపఖానాలు నేయించే వెంకట్రాజం బిడ్డ. పక్కనున్నది ఆమె బాపమ్మ, వెంకట్రాజం తల్లి సమ్మమ్మ. సమ్మమ్మ భర్త వెనకటికి మిలిటరీ వేలంలో ఈ జోంగా తెచ్చాడు. కట్టలు కట్టిన జంపఖానాలు వేసుకుని ఆయన తిరగని సంత లేదు, ఎక్కని గుట్ట లేదు. ఆయన పోయాక బండి మూలకు చేరింది. తిరుమల హనుమకొండలో ఇంజనీరింగ్ చదివి, పుణెలో పాత బండ్లకు కంప్యూటర్లు బిగించే వర్క్‌షాపులో పనిచేసి వచ్చింది. ఇప్పుడు ఆమె కోరిక ఒక్కటే. ఆ పనేదో ఇక్కడే, వరంగల్‌లోనే పెట్టాలి. మొదటి బండి తాత బండే కావాలి.

వెంకట్రాజం మాట తక్కువ మనిషి. హైదరాబాద్‌లో ఫామ్‌హౌస్ ఉన్న ఒకాయన జోంగాను అడిగితే, బోనాలయ్యాక వచ్చే ఆదివారం వచ్చి తీసుకుపొమ్మని చెప్పేశాడు. బిడ్డ అడ్డం తిరిగితే ఒక దారి వదిలాడు. ఆ లోపల బండి తన కాళ్ల మీద తాను నడిస్తే ఇంట్లోనే ఉంటుంది. బండి ఉంటే బిడ్డా ఉంటుంది, షాపు పెట్టుకోవచ్చు. నడవలేదా, బండి హైదరాబాద్‌కు, బిడ్డ పుణెకు.

ఇదంతా తిరుమల ఒక్క గుక్కలో చెప్పింది. చెప్పి, కార్బురేటర్ తీసేసి ఆరు సిలిండర్లకు ఆరు ఇంజెక్టర్లు పెడదామని, పెట్రోలు ఎంత చల్లాలో కంప్యూటర్ డబ్బా చూసుకుంటుందని, పైన ఒక టర్బో కూడా పెడదామని అన్నది.

కార్బురేటర్ తీసేయడమన్న మాట మొగిలికి తన చెవి తీసేస్తానన్నట్లే వినిపించింది.

"టర్బో పెడ్తె ఈ ముసలి ఇంజన్ పలుగుతది."

"పలగదు. మిలిటరీ వాళ్లు కొండల మీద ఎట్లాంటి మురికి పెట్రోలు పోసినా నడవాలని దీన్ని చేసిన్రు. లోపల గాలిని ఎక్కువ నొక్కదు. కొత్త ఇంజన్లు అప్పటికే నిండ తిని కూసుంటయ్. దీనికి కడుపుల ఇంక జాగ ఉంది. మనం ఇంకింత గాలి పెట్టినా తట్టుకుంటది. సైలెన్సర్లకెల్లి ఊకెనే పొయ్యే పొగతోనే ఫ్యాన్ తిరుగుతది, ఆ ఫ్యానే గాలిని లోపలికి నూకుతది."

ఇన్నేళ్లుగా ఇంజన్లు విప్పుతున్నా మొగిలికి ఇలా ఎవరూ చెప్పలేదు. ముసలి ఇంజన్ బలహీనత అనుకున్నది దాని బలమా? అతను మొదటిసారి ఇంజన్ వైపు కాకుండా ఆమె వైపు చూశాడు. ఆ చూపు కొంచెం ఎక్కువసేపే నిలిచి ఉంటుంది. గుండయ్య మంచం మీద నుంచి దగ్గాడు.

"ఇసొంటి జోంగాతోనే బిడ్డా, ఘన్‌పూర్ కాడ ఆగిపోయిన గూడ్సు బండిని కాజీపేట దాంక గుంజిన."

"సాక్షెవరు తాతా?" అన్నది తిరుమల.

"గార్డు ఉండె. పాపం, పోయిండు. డ్రైవర్ ఉన్నడు కని ఆయనకు మతిమరుపు."

పని మొదలైంది.

మొదట కార్బురేటర్ కిందికి దిగింది. మొగిలి దాన్ని పాత ధోవతిలో చుట్టి అటక మీద పెట్టాడు. తర్వాత టర్బో కోసం ఇద్దరూ పాత లారీల యార్డులన్నీ తిరిగారు. దొరికిన ప్రతి టర్బోనూ మొగిలి చేతిలోకి తీసుకుని, లోపలి ఇరుసును రెండు వేళ్లతో పట్టి ఊపి చూసి పక్కన పడేసేవాడు. చివరికి ఒకటి ఊగలేదు. అతను ఊదితే చాలు, గిర్రున తిరిగింది. తిరుమల కూడా ఊదింది. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు ఊదుతూ నిలబడితే యార్డు ఓనరు, అదేమన్నా పీపీనా అని అడిగాడు.

టర్బో బిగించాలంటే పొగ గొట్టాలు కొత్తగా కావాలి. మందపాటి పైపులు కోసి, వంచి, మొగిలే వెల్డింగ్ చేశాడు. తిరుమల ఆ అతుకు మీద వేలు పెట్టి మెల్లగా చివరిదాకా నడిపించింది.

"మా జంపఖానా అంచు లెక్క ఉన్నది."

మొగిలి ఆ వెల్డింగ్ మీద రంగు వేయనివ్వలేదు. వేడికి నల్లబడినా సరే, అలాగే ఉండాలన్నాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. గుండయ్యకు చెప్పనక్కర్లేదు.

వాన ఆ ఏడు ఆగి ఆగి కాకుండా, జీతం తీసుకుంటున్నట్లు రోజూ వచ్చింది. షెడ్డు రేకులకు ఎన్ని చిల్లులున్నా, సరిగ్గా తిరుమల ల్యాప్‌టాప్ ఎక్కడ పెడితే అక్కడే కారేది. మొగిలి గొడుగు తెచ్చి ల్యాప్‌టాప్ మీద పట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వు తడుస్తానవ్," అన్నది ఆమె, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

"నేను తడిస్తే తుడుసుకుంట. అది తడిస్తే ఆదివారం పోతది."

ఆమె స్టూలును కొంచెం జరిపింది. గొడుగు కిందికి ల్యాప్‌టాప్, ఆమె, సగం మొగిలి వచ్చారు. మిగతా సగం తడుస్తున్నట్లు అతనికి తెలియనే లేదు. అతనికి ఆ మధ్యాహ్నం తెలిసింది వేరే సంగతి. ఆమె తనను అన్నా అనడం మానేసింది. ఎప్పుడు మానేసిందో వెనక్కి పోయి గుర్తు తెచ్చుకుంటే, ఆ వెల్డింగ్ రోజు దగ్గర దొరికింది.

ఇంజెక్టర్లకు, కాయిళ్లకు, సెన్సార్లకు వైర్లు లాగే పని వచ్చేసరికి సమ్మమ్మ రంగంలోకి దిగింది. నల్ల టేపు చుట్టబోతుంటే ఆపింది. ఆ టేపు ఎండాకాలం రాగానే జిగురు కక్కుతుందని, తన మగ్గం దారం కక్కదని చెప్పి, మైనం పట్టించిన నూలు ఉండ తీసింది. వైర్లన్నీ జడలా కలిపి, బెత్తెడు బెత్తెడుకు ఒక ముడి వేసుకుంటూ పోయింది. నేతగాళ్ల ముడి అది. లాగితే బిగుస్తుంది, ఇప్పాలంటే కోయాల్సిందే. ముడులు వేస్తూనే మొగిలిని పంచాయితీలో నిలబెట్టినట్లు అడిగింది. మందు తాగుతవా, కోపమొస్తే పానలు ఇసురుతవా, అన్నం వండుడు వస్తదా. మొగిలి అన్నం వస్తదని, పప్పు రాదని ఒప్పుకున్నాడు. సమ్మమ్మ ఇంకో ముడి గట్టిగా బిగించింది.

అలాంటి రోజుల్లోనే ఒక సాయంత్రం తిరుమల బయట నిలబడి ఫోనులో మాట్లాడుతుంటే మొగిలి చెవిన పడింది. ఆదివారం దాకా ఆగమని, ఆ తర్వాత ఏ సంగతో చెప్తానని, నీ దగ్గరికి రావడం నాకు మాత్రం ఇష్టం లేదా అని ఆమె నవ్వుతూ అంటోంది.

మొగిలి మరునాడంతా నట్లతోనే మాట్లాడాడు. తిరుమల అడిగినదానికి ఊఁ, ఊహూఁ తప్ప మూడో మాట లేదు. పది నంబర్ పాన అడిగితే పన్నెండు ఇచ్చాడు. చివరికి గుండయ్యే కలగజేసుకుని, మా పిలగానికి పుణెల ఉన్న పిలగాడు ఎవడో తెల్వక నిద్ర పడ్తలేదు బిడ్డా అని అనేశాడు. మొగిలి జోంగా కిందికి దూరాడు. అక్కడ పనేమీ లేదు.

తిరుమల వంగి బండి కిందికి చూసింది.

"శోభారాణి. మా ఓనరు. మన మట్టెవాడ ఆమెనే, పుణెల ఉంటది. ఇద్దరు మనుమలున్నరు. ఫోటో సూస్తవా?"

"నేనెవరిని అడిగిన?"

"నువ్వు అడగలే. పన్నెండు నంబర్ పాన అడిగింది."

బండి కింద నుంచి చాలాసేపు మొగిలి రాలేదు. నవ్వు తగ్గేదాకా రాకూడదనుకున్నాడు, అది తగ్గలేదు.

ఆదివారం వచ్చింది.

హైదరాబాద్ ఆయన మనిషిని పంపాడు. బండిని ఎక్కించుకుపోయే లారీ షెడ్డు ముందు నిలబడింది. కొత్తవాడ నుంచి వెంకట్రాజం తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. ఆయన వెంట సగం వాడ వచ్చింది. మగ్గాలకు సెలవు కాదు గానీ, ఆ పొద్దున మగ్గాలు వాటంతట అవే నేసుకున్నాయని గుండయ్య తర్వాత చాలామందికి చెప్పాడు.

బ్యాటరీ కలిపే ముందు తిరుమల చివరిసారిగా వైర్లన్నీ చూసుకుంటోంది. ఇంజన్ చివర, డ్రైవర్ కాళ్ల వైపు రేకు గోడ దగ్గర ఆమె చేయి ఆగింది. అక్కడ మొగిలి చేతిరాతతో, సుద్దతో ఒక అంకె ఉంది.

"ఇదేంది?"

"ఒకటో నంబర్ సిలిండర్."

"ఇది ఆరు, మొగిలీ."

"మా షెడ్డుల ఇదే ఒకటి. డ్రైవర్ కాడికెల్లి లెక్క. ఎవరి కాలుకు సెగ తాకుతదో వాళ్ల పక్కదే ఒకటి. తాత వాళ్ల గురువు అట్లనే నేర్పిండట."

"అందరు రేడియేటర్ కాడికెల్లి లెక్కపెడ్తరు. నా కంప్యూటర్ కూడ అట్లనే లెక్కపెడ్తది." ఆమె గొంతు మెల్లగానే ఉంది. అదే అతన్ని భయపెట్టింది. "అంటే ఒకటికి పోవాల్సిన వైరు ఆరుకు పోయింది. రెండుది అయిదుకు. మొత్తం ఉల్టా."

"నువ్వు చెప్పాలె గద."

"నువ్వు అడగాలె గద." ఆమె సుద్దగీతను బొటనవేలితో చెరిపేసింది. "నిన్ను నమ్మి నేను ఒక్కసారి కూడ ఎనుకకు తిరిగి సూడలే."

ఆ మాట మొగిలికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఇన్నాళ్లూ తన చెవి గురించి, చేయి గురించి ఎంతమంది ఎన్ని గొప్పలు చెప్పినా, ఒక మనిషి తన పని వైపు తిరిగి చూడనంతగా నమ్మడమనే గొప్ప అతనికి అంతకు ముందు దక్కలేదు. దక్కిందని తెలిసేలోపే పోయింది.

వెంకట్రాజం దగ్గరికి వచ్చాడు. "ఏమైంది? నడుస్తదా, నడవదా?"

మొగిలి ముందుకు వచ్చాడు. వాడవాళ్లంతా చూస్తున్నారు.

"తప్పు నాది సార్. వైర్లు నేను ఉల్టా పెట్టిన. ఆమె పనిల ఏం తప్పు లేదు."

"ఇద్దరిది బాపూ," అన్నది తిరుమల అదే క్షణంలో. "అంకెలు నేను కూడ అడిగి తెలుసుకోలే."

వెంకట్రాజం ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. లారీ మనిషి గడియారం చూసుకున్నాడు.

తిరుమల బ్లేడు తీసింది. వైర్లు మార్చాలంటే సమ్మమ్మ వేసిన ముడులన్నీ కోయాలి. కోసి మళ్లీ కలపాలంటే పొద్దు గూకుతుంది. అంతసేపు లారీ ఆగదు. సమ్మమ్మ వచ్చి తన ముడుల పక్కన నిలబడింది.

"కోస్తె కొయ్యి బిడ్డా. ఏ ముడి తప్పో జర చూపెట్టి కొయ్యి."

మొగిలి ముందరి ఫ్యాన్‌ను చేతితో పట్టుకున్నాడు. ఏమీ తోచనప్పుడు అతను చేసే పని అదే, ఇంజన్‌ను చేత్తో తిప్పుతూ లోపలి కదలికను అరచేతితో వినడం. రేడియేటర్ పక్కనున్న పిస్టన్ పైకి వస్తోంది. అవతల డ్రైవర్ పక్కనున్నది కూడా పైకి వస్తోంది. ఎప్పుడూ అంతే కదా. వాల్వులు సర్దేటప్పుడు ప్రతిసారీ చూసేదే.

"తిరుమలా."

"ఏంది?"

"ఈ చివరిది లేస్తే ఆ చివరిది కూడ లేస్తది. రెండు ఒక్కసారే. రెండో దానికి అయిదోది జత. నడిమిట్ల రెండు ఒక జత."

"తెలుసు, అయితే..." అని ఆమె ఆగిపోయింది. బ్లేడు గాల్లోనే ఉంది. ఆమె కళ్లు కాయిళ్ల మీదికి పోయాయి. ఆరు సిలిండర్లకు కాయిళ్లు మూడే. ఒక్కో కాయిల్ ఒక జతకు, ఇద్దరికీ ఒకేసారి నిప్పు ఇస్తుంది. ఒకరికి అది అక్కరకు వస్తుంది, రెండోవారికి ఆ సమయంలో అవసరం లేదు, ఊరికే పోతుంది. పెట్రోలు చల్లడం కూడా ఆమె జతలు జతలుగానే పెట్టింది.

ఆమె బ్లేడు పడేసి సుద్దముక్క లాక్కుంది. మడ్‌గార్డ్ మీద తన లెక్క ఒకటి రాసింది, దాని కింద మొగిలి లెక్క రాసింది. ఒకటి ఆరు. రెండు అయిదు. మూడు నాలుగు. కింద కూడా అవే జతలు, అదే వరుస. అందుకే గుండయ్య షెడ్డులో ఇన్నేళ్లుగా ఉల్టా లెక్కపెట్టినా ఏ ఇంజనూ ఎదురు చెప్పలేదు.

"ఎటుకెల్లి లెక్కపెట్టినా ఒకటే," అన్నది ఆమె. నవ్వుతోందో ఏడుస్తోందో మొగిలికి సరిగ్గా తెలియలేదు. "నా జత నీ జత ఒకటే."

అన్నాక ఆ మాట తనకే వినబడి, చప్పున బ్యాటరీ వైపు తిరిగింది. సమ్మమ్మ తన ముడులను ఒకసారి నిమిరి, ముందే చెప్పిన గద అన్నట్లు పోయి స్టూలు మీద కూర్చుంది.

తాళం తిప్పారు. ఇంజన్ ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. తెల్లటి పొగ ఒక ముద్ద వదిలింది, అందరూ వెనక్కి జరిగారు. మూడోసారి పట్టుకుంది.

ఆరు సిలిండర్ల ఇంజన్ సరిగ్గా నడిస్తే చప్పుడు ఎక్కువ ఉండదు. పట్టుబట్టను మడత పెడుతున్నంత మెత్తగా ఉంటుంది. గుండయ్య చాలాసేపు చెవి పక్కన చేయి పెట్టుకుని, ఇంకా స్టార్ట్ కాలేదా అని అడిగాడు. అయిందని చెబితే మంచం దిగి, వచ్చి, బానెట్ మీద అరచేయి ఆనించి, చిన్నపిల్లాడిలా నిలబడిపోయాడు. ఎంత పెద్ద కోతలు కోసే నోరైనా ఆ ఒక్కసారికి మూతపడింది.

మొగిలి కళ్లు మూసుకుని విన్నాడు. తిప్పడానికి స్క్రూ లేదు. తిప్పాల్సిన అవసరమూ లేదు. తిరుమల తెర మీద అంకెలు చూస్తోంది, అతను చప్పుడు వింటున్నాడు. ఇంకొంచెం ఎక్కువ తాగుతాందన్నాడు. ఆమె ఒక అంకె తగ్గించింది. మూడో దానికి గొంతు గీరుకుంటాందన్నాడు. ఆమె ఇంకోటి మార్చింది. అట్లా ఇద్దరూ మాటా మాటా అందిస్తుంటే, ఆ ముసలి ఇంజన్ కొత్తగా పెళ్లి కుదిరినదానిలా నిమ్మళంగా పాడటం మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ తొక్కితే సన్నటి ఈల వచ్చింది. అది టర్బో. సమ్మమ్మ అటూ ఇటూ చూసి, ఎవరింట్ల కుక్కర్ల పప్పు ఉడుకుతాందని అడిగింది.

వెంకట్రాజం లారీ మనిషికి చాయ్ తాగించి, హైదరాబాద్ పెద్దాయనకు నమస్కారం చెప్పమని పంపేశాడు. తర్వాత బిడ్డ చేతిలోంచి తాళం తీసుకుని, ఒకప్పుడు తన తండ్రి కూర్చున్న సీట్లో తాను కూర్చున్నాడు. పక్కన తల్లిని కూర్చోబెట్టుకున్నాడు. వెనుక జంపఖానా పరిచి, గుండయ్యను, మొగిలిని, బిడ్డను ఎక్కమన్నాడు. ఖమ్మం రోడ్డు మీద చూద్దామని అన్నది ఒక్కటే ఆయన మాట.

మామునూరు దాటేదాకా ఆయన బుద్ధిగానే నడిపాడు. రోడ్డు ఖాళీగా కనిపించాక కాలు నొక్కాడు. ఈల లేచింది. వెనుక కూర్చున్న ముగ్గురూ జంపఖానాతో సహా ఒక మూరెడు వెనక్కి జారారు. పంథిని దగ్గర ఒక పెద్ద కొత్త కారు పక్కకు తప్పుకుంది. గుండయ్య లెక్క ప్రకారం ఆ కారు ఆగి, అందులోనివాళ్లు దిగి దండం పెట్టారు. వెంకట్రాజం వెనక్కి తిరగలేదు గానీ, ఆయన చెంపలు చెవుల దాకా నవ్వుతున్నట్లు వెనుక నుంచి కూడా కనిపించింది. తిరుమల పడిపోకుండా పట్టుకున్నది ఇనుప కమ్మీ అనుకుంది. కమ్మీ కాదు, మొగిలి మోచేయి. తెలిశాక కూడా మార్చలేదు.

వర్ధన్నపేట ముందర చాయ్ హోటల్ దగ్గర బండి ఆగింది. వెంకట్రాజం తాళం మీద చేయి వేశాడు.

"బంద్ చెయ్యకు బాపూ. టర్బో ఎర్రగ కాలి ఉంటది. జర సేపు ఊకెనే నడవనియ్యి. చల్లవడ్డంక బంద్ చెయ్యాలె, లేకుంటె పాడైతది."

సరేనని ఆయన చాయ్ అక్కడికే తెప్పించాడు. ఇంజన్ గుర్రుమంటూ నడుస్తూనే ఉంది. పక్కన ఆగిన లారీ డ్రైవర్ ఒకతను ఆ చప్పుడు విని దగ్గరికి వచ్చాడు. జోంగా చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇది జోంగనే గద అన్నా? డీజిల్ పెట్టిచ్చిన్రా?"

వెంకట్రాజం చాయ్ గ్లాసు బానెట్ మీద పెట్టాడు. గ్లాసులో చాయ్ కదలలేదు. అది డ్రైవర్‌కు కనిపించేదాకా ఆగి, అప్పుడు చెప్పాడు.

"పెట్రోలు. ఆరు సిలిండర్లు. మా నాయిన తెచ్చిన ఇంజనే. దానికి టర్బో పెట్టిన్రు. వరంగల్‌లనే. మా బిడ్డ, మా అల్లుడు."

మొగిలి చేతిలో చాయ్ మాత్రం కదిలింది. ప్యాంటు మీద పడింది. వేడి తెలియలేదు.

తిరుమల తండ్రిని చూసింది. "బాపూ, నేనింక ఆయనను అడగనే లేదు."

"మరి అడుగు. ఇంజన్ బంద్ చెయ్యద్దంటివి. ఊకెనే నిలవడ్డం." ఆయన తల అటు తిప్పుకున్నాడు. "పది మంది ముంగట నేనంటె నేనని తప్పు మీదేసుకున్నరు ఇద్దరు. నాకు గది సాలు."

లారీ డ్రైవర్ పోవాలో ఉండాలో తెలియక అక్కడే ఉండిపోయాడు. గుండయ్య జరిగి అతనికి జంపఖానా మీద చోటు ఇచ్చాడు.

"మొగిలీ," అన్నది తిరుమల. "పుణెల శోభక్కతోని ఏం చెప్పాల్నో చెప్పు."

మొగిలి ఇలాంటి సమయం కోసం చాలా మాటలు దాచుకున్నాడు. వాటిలో లేనిదే బయటికి వచ్చింది.

"నువ్వు పోతే... ఈ బండిని ఎవరు సూస్తరు?"

"బండి సంగతి అడగలే."

"నేను చెప్పేది కూడ బండి సంగతి కాదు." అతను గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు షెడ్డుకు రాని నాడు నాకు పాన దొరుకుతలేదు."

"పాన నీ చేతులనే ఉంటది గద."

"ఉన్నా దొరుకుతలేదు."

తిరుమల నవ్వలేదు. తల కిందికి వంచి, జుట్టుముడిలోంచి టెస్టర్ తీసి, మళ్లీ అక్కడే గుచ్చుకుంది. ఆ కాస్త పనికి ఆమెకు చాలాసేపు పట్టింది.

"అట్లయితె ఉంట," అన్నది.

సమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుండయ్య లారీ డ్రైవర్ భుజం మీద చేయి వేసి, ఘన్‌పూర్ గూడ్సు బండి కథ మొదలుపెట్టాడు. ఈసారి గూడ్సుకు ఇంకో పది పెట్టెలు ఎక్కువ తగిలించాడు.

"అయ్యిందా?" అన్నాడు వెంకట్రాజం, అటే చూస్తూ. "ఇంక బంద్ చెయ్యాల్నా?"

తిరుమల బానెట్ మీద అరచేయి ఆనించింది. పక్కనే ఇంకో అరచేయి వచ్చి ఆనింది.

"చెయ్యి బాపూ. చల్లవడ్డది."

ఇంజన్ ఆగింది. అది చల్లబడిన మాట నిజమే. మొగిలి చెవులు మాత్రం ఇంటికి చేరేదాకా ఎర్రగానే ఉన్నాయి.